పాత టేకు మంచం, పెరుగు రంగు: ఆదా ఎక్కడ?

ప్రశ్న: మాది హనుమకొండ. మావారి జీతం, నా ట్యూషన్లు కలిపి నెలకు 46 వేలు వస్తాయి. పాపకు ఐదేళ్లు. పక్క వీధిలో ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్లు పిల్లల టేకు మంచం, రంగు వేసిన చదువు బల్ల కలిపి 5,500కు ఇస్తామంటున్నారు. షోరూంలో అలాంటివే 24 వేలు, ఏడాది పాటు నో కాస్ట్ ఈఎంఐ. పాతవి కొని, పెరుగు, సున్నంతో ఇంట్లోనే రంగు తయారు చేసి వేద్దామని నా ఆలోచన. మావారు ‘ఆ తిప్పలెందుకు, నెలకు రెండు వేలేగా’ అంటున్నారు. ఏది లాభం?

జవాబు: పాతవే కొనండి. అయితే ఆదా అంతా సొంత రంగులో ఉందనుకుంటున్నారు, అక్కడే లెక్క తప్పుతోంది. సామాను 5,500, ఆటోకూ వడ్రంగికీ ఒక వెయ్యి, దుకాణంలో కొనే ప్రైమర్, రంగు, పాలిష్, బ్రష్షులకు ఉజ్జాయింపుగా 1,500. మొత్తం 8 వేలు. షోరూం ధరతో చూస్తే 16 వేలు తక్కువ. రంగు ఇంట్లో చేసుకుంటే దీనికి తోడు మిగిలేది మహా అయితే వెయ్యి. ఆ వెయ్యి కోసం రెండు రోజులు ట్యూషన్లు మానేస్తే అదీ మిగలదు.

అసలు టేకు మంచానికి రంగెందుకమ్మా? పాలిష్ ఉన్న టేకును సన్నని సాండ్ పేపర్‌తో పైపైన రుద్ది, మళ్లీ ఒక పూత పాలిష్ వేయిస్తే చాలు. రేపు పాప పెద్దదై మంచం చాలకపోతే, రంగు పూసిన టేకుకంటే కర్ర కనిపించే టేకుకే మంచి ధర పలుకుతుంది.

ఇక బల్ల. పెరుగు, సున్నం రంగు ఏ పూతా లేని కర్రకు బాగా పట్టుకుంటుంది. పాత ఎనామెల్ రంగు మీద వేస్తే కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడిపోతుంది. కాబట్టి ముందు పాత రంగంతా గీకాలి. నాకు భయం అక్కడే. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం (లెడ్) 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగయితే సీసం ఉండే అవకాశం ఉంది. దాన్ని పొడిగా రుద్దితే లేచే దుమ్ము గదంతా పరుచుకుంటుంది. పిల్లలు నేల మీద ఆడుకుని అవే చేతులు నోట్లో పెట్టుకుంటారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రంగు ఎప్పుడు వేయించారో అమ్మేవాళ్లను అడగండి. పాతదై, పెచ్చులు లేస్తుంటే బల్ల వదిలేసి మంచానికి మాత్రమే బేరమాడండి.

రంగు కొత్తదేనని తేలితే మీ సరదా తీర్చుకోవచ్చు. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడేయాలి, నిల్వ ఉంచితే కంపు కొడుతుంది. సున్నం కలిపేటప్పుడు గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకోండి, పాపను దగ్గరికి రానివ్వకండి. రంగు కోసం పసుపు మాత్రం వేయకండి. సున్నం తగలగానే పారాణిలా ఎర్రబడుతుంది, ఆ తర్వాత ఎండకు వెలిసిపోతుంది. జాజు అయితే నిలుస్తుంది. పైన వార్నిష్ పూత తప్పదు, లేదంటే నీళ్ల గ్లాసు పెట్టినచోటల్లా మరక పడుతుంది. ఆ వార్నిష్ ఖర్చు కూడా కలిపితే మీ వెయ్యిలో ఇంకెంత తగ్గుతుందో చూసుకోండి.

మీవారి ‘రెండు వేలేగా’ సంగతి. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. వడ్డీ ఎక్కడికీ పోదు, మీకు రావాల్సిన డిస్కౌంటును ఆ వడ్డీ కింద సర్దుతారంతే. కార్డు మీద తీసుకుంటే వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు కూడా ఉండొచ్చు. మొత్తం నగదు ఇస్తే ఎంతకిస్తారని షోరూంలో ఒకసారి అడిగి చూడమనండి.

ఇంకో మాట. ఆ 16 వేలు మీ చేతిలో ఉన్న డబ్బు కాదు, ఇంకా రాని జీతాల్లోది. ఈఎంఐ కట్టినట్టే జీతం పడగానే రెండు వేలు పక్కకు తీస్తేనే అది ఆదా. మొదటి నాలుగు నెలలకు ఈ సామాను ఖర్చు పూడుతుంది, మిగతా ఎనిమిది నెలలవీ మిగులు. మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి లేకపోతే ముందు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఉంటే పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. పదేళ్ల లోపు ఆడపిల్లలకు తెరవచ్చు, ఏడాదికి కనీసం 250 కడితే చాలు. అందులో వేసిన డబ్బు మాత్రం మామూలుగా పాప పదో తరగతి పాసయ్యేదాకా లేదా 18 ఏళ్లు నిండేదాకా చదువు కోసమైనా చేతికి రాదు. నెలలో 5వ తేదీ లోపు కడితే ఆ నెల వడ్డీ కూడా వస్తుంది.

అడ్వాన్స్ ఇచ్చే ముందు మంచాన్ని తిరగేయించి కాళ్ల అడుగు, పట్టీల కీళ్లు చూడండి. సన్నని పొడి రాలుతుంటే పురుగు పట్టినట్టే. కీళ్ల సందుల్లో నల్లటి చుక్కలుంటే నల్లులు. పరుపు ఊరికే ఇస్తామన్నా ఇంటికి తేకండి, పరుపు కొత్తదే కొనాలి. ఆ ఖర్చు పైన నేను వేసిన 8 వేలలో లేదు.