పచ్చ తీగ పీకొద్దు, అమ్మలూ

అమ్మలూ,

వచ్చే నెల హైదరాబాద్‌లో నువ్వూ నీ ఫ్రెండ్సూ కలిసి నాలుగు లోకల్ బ్యాండ్లతో పవర్ పాప్ నైట్ పెడుతున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను, కానీ ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లు ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయించిన మామయ్యకి ఒక్క ముక్క చెప్పాలనిపించలేదా?

పోలీసు పర్మిషన్ ముందే తీసుకో. ఆరుబయటైతే రాత్రి పదికల్లా మైకు ఆగిపోవాలి. డ్రమ్ సెట్ ఒక్కటి చాలు, స్నేరూ సింబల్సూ పెడలూ ఎవరివి వాళ్లు తెచ్చుకుంటారు. సౌండ్ చెక్ చివరి బ్యాండుతో మొదలుపెట్టి వెనక్కి రండి, అప్పుడు మొదట వాయించేవాళ్ల సెట్టింగు కదలకుండా ఉంటుంది.

నువ్వు పంపిన పాటలు విన్నాను. మూడు నిమిషాల పాట, గట్టిగా గిటారు, పైన రెండు మూడు గొంతులు కలిసి పాడటం. బాగుంది. పవర్ పాప్ అన్నది 1967లో ద హూ బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ వాడిన పేరట కదా. ఆ గొంతులు కలవాలంటే ఒకరిది ఒకరికి వినపడాలి, కాబట్టి పాడేవాళ్లందరికీ మానిటర్, అంటే వాళ్ల వైపు తిప్పిన స్పీకరు, అడుగు, మైకుకి వెనకవైపు పెట్టించు, లేకపోతే కుయ్యిమంటుంది.

ఇక అసలు సంగతి.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. తెనాలిలో దసరా పందిరి, సాయంత్రం జల్లు పడి నేలంతా తడి. ఆంప్, అదే గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె, ఆన్ చేయగానే గుయ్యిమని ఒకటే హమ్. జనం అరుస్తున్నారు. మూడో పిన్ను తీగ తీసేస్తే పోతుందని ఎవరో అనగా విన్నాను, అంతే, ప్లగ్ విప్పి ఆ పచ్చ తీగ పీకేశాను. హమ్ పోయింది. అందరూ శభాష్ అన్నారు.

ఆ తీగ ఎర్తు తల్లీ. ఆంప్ లోపల కరెంటు బాడీకి లీకవుతోంది, అన్నాళ్లూ ఆ తీగ గుండానే భూమిలోకి పోతోంది. దారి మూసేసరికి అది కేబుల్ పట్టుకుని గిటార్ తీగల్లోకి వచ్చింది. నా కాళ్లకి రబ్బరు చెప్పులు, నాకేమీ తెలియలేదు. రెండో పాటకి గిటార్ మా సింగర్‌కిచ్చాను. చెయ్యి తీగల మీద ఉంది, పెదాలు ఎర్తు ఉన్న మైకుకి తగిలాయి. వాడు అరవలేదు. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు, ఫ్రెట్ల మీద వేళ్లు బిగుసుకుపోయి తెల్లబడ్డాయి. డ్రమ్మర్ లేచి కర్రతో మైకు స్టాండుని కొట్టి పడేశాడు. బతికాడు. కింది పెదవి మీద కాలిన మచ్చ ఉండిపోయింది. నా పెళ్లికొచ్చి పాడాడు, గిటార్ మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు ఎర్తు లేని మైకు తగిలి స్టేజి మీదే చనిపోయాడు. ఎప్పటి సంగతో అనుకోకు, నువ్వు గిటార్ వాయిస్తూ పాడతావు.

ఆంప్‌లకీ మిక్సరుకీ కరెంటు ఒకే బోర్డు నుంచి ఇప్పించు, దానికి 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్, ఉందో లేదో కళ్లతో చూడు. జనరేటర్ పెడితే దానికీ ఎర్తు రాడ్ కొట్టించు. హమ్ వస్తే డీఐ బాక్స్ (వాయిద్యం సిగ్నల్‌ని మిక్సరుకి పంపే చిన్న పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే బటన్ నొక్కండి, అది సిగ్నల్ తీగ వరకే, కరెంటు ఎర్తు జోలికి పోదు. ఎవరైనా స్క్రూడ్రైవర్ పట్టుకుని ప్లగ్ దగ్గరికి వెళ్తే, వాడు ఎంత పెద్ద సౌండ్ ఇంజినీరైనా సరే, చెయ్యి పట్టుకుని ఆపు. ప్రతి బ్యాండు ఎక్కే ముందు వోల్టేజి చూసే మీటర్ ఒక కొన గిటార్ తీగకి, ఇంకో కొన మైకు జాలీకి ఆనించి చూడాలి. సున్నా దగ్గర ఉంటేనే నోరు దగ్గర పెట్టాలి.

తిడుతున్నాననుకోకు. ఆరేళ్లప్పుడు నా ఒళ్లో కూర్చుని, చెయ్యి చాలక బొటనవేలితో ఒక్క తీగ మీటి, ఇల్లంతా అందరికీ వినిపించిందా అని అడుగుతూ తిరిగావు.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికే వచ్చేస్తాను. మీటర్ తెస్తాను, నీ మైకు నేనే చూస్తాను. ఆ తర్వాత మీ జోలికి రాను, సౌండ్ డెస్క్ పక్కన నిలబడతాను. మీ గొంతులు కలిసేది అక్కడే బాగా వినపడుతుంది.

మామయ్య