బడి మార్చే ముందు ఆ జవాబు పత్రం మరోసారి చూడండి

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. పద్నాలుగేళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మా అమ్మాయి దగ్గరలోనే సిస్టర్లు నడిపే చిన్న కాథలిక్ హైస్కూల్లో, స్టేట్ బోర్డు ఇంగ్లీషు మీడియంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. తరగతికి ముప్ఫై మందే. ఎనిమిది నుంచి పది వరకు లెక్కలకు ఒక్కరే టీచరు, సైన్సు మొత్తం ఒక సిస్టరే చెబుతారు. అర్ధసంవత్సర పరీక్షల్లో సైన్సులో 83 వచ్చినా లెక్కల్లో 41 మాత్రమే వచ్చాయి. తప్పు బడిదేనని, ఏప్రిల్‌లో టి.సి. తీసుకుని కోచింగ్ ఉన్న పెద్ద బడిలో చేరుస్తానని మావారు పట్టుబడుతున్నారు. రోజూ రాత్రి ఆయనే కూర్చోబెట్టి లెక్కలు చేయిస్తారు. విజయవాడలో చదివే మా బావగారి అబ్బాయితో పోలుస్తారు. చివరికి అది ఏడుస్తూ పడుకుంటుంది. ప్రార్థనలు చేయించే బడిలో సైన్సేం చెబుతారని మా అత్తగారు అంటారు. బడి మారిస్తే చదువే మానేస్తానని అమ్మాయి అంటోంది. జవాబు పత్రం నకలు పంపుతున్నాను. మధ్యాహ్నం విరామంలో సిస్టర్ ల్యాబు తాళంచెవి మా అమ్మాయికే ఇస్తారు, ఉల్లిపొరకు అయోడిన్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూసి కణాలను పెన్సిలుతో గీసింది. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు జవాబు పత్రం జతచేయడం ఎంతో మంచిదైంది, ఎందుకంటే మీ ఇంట్లో ముగ్గురూ మూడు రకాలుగా చెబుతున్న విషయాన్ని ఆ కాగితాలు సూటిగా చెబుతున్నాయి. రేఖాగణితంలో అమ్మాయి రాసిన రెండు నిరూపణలూ తప్పు లేకుండా ఉన్నాయి. మార్కులు పోయినవి దాదాపు అన్నీ బీజగణితంలోనే, అక్కడ కూడా ఒకే చోట. మూడు ఎక్స్ ప్లస్ అయిదులో నుంచి ఎక్స్ మైనస్ నాలుగును తీసివేయమన్నప్పుడు రెండు ఎక్స్ ప్లస్ తొమ్మిది రావాలి. ఆమె రెండు ఎక్స్ ప్లస్ ఒకటి అని రాసింది. బ్రాకెట్టు ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులన్నీ మారాలి, ఆమె మాత్రం మొదటిదాన్నే మారుస్తోంది. ఇదే పొరపాటు అయిదు లెక్కల్లో ఉంది, ప్రతిసారీ ఆ తరువాతి మెట్లన్నీ పద్ధతిగానే నడిచాయి. లెక్కల బుర్ర లేని పిల్ల ఇలా రాయదు. ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో గట్టిపడవలసిన ఒక సంగతి గట్టిపడలేదు, అంతే. నాలుగు రూపాయల అప్పును లెక్కలోంచి తీసేస్తే మన దగ్గర నాలుగు రూపాయలు పెరిగినట్టేనన్నది ఆమె చేతికి అలవాటయ్యేదాకా, పది రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు, ఈ ఒక్క రకం లెక్కలే చేయించాలి.

అయితే చేయించేది ఆమె నాన్నగారు కాకూడదు. ఈ మాట ఆయనకు కష్టం కలిగిస్తుందని తెలిసే రాస్తున్నాను. రోజంతా పనిచేసి వచ్చి బిడ్డ పక్కన కూర్చునే తండ్రి ప్రేమను నేను తక్కువ చేయను. కానీ తిట్లు ఎప్పుడు మొదలవుతాయోనని ఎదురుచూస్తూ కూర్చున్న పిల్ల మనసు మైనస్ గుర్తు మీద నిలవదు. విజయవాడ అబ్బాయి పేరు ఆ బల్ల దగ్గర వినిపించినంత కాలం ఆమె చదివేది లెక్కలు కాదు, తండ్రి ముఖం. ఆ గంటను ఆపేయమని ఆయనతో చెప్పండి. బదులుగా భోజనమయ్యాక ఆమె సైన్సు రికార్డు పుస్తకం తెరిపించి, తను గీసిన బొమ్మల గురించి చెప్పించుకోమనండి. మధ్యాహ్నం విరామంలో సిస్టర్ ల్యాబు తాళంచెవి ఆమెకే ఇస్తారని, ఉల్లిపొరకు అయోడిన్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూసి కణాలను పెన్సిలుతో గీసిందని మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు అది ఉత్తరమంతటిలోనూ విలువైన వాక్యం. అరవై మంది ఉన్న తరగతిలో ఆ తాళంచెవి ఆమె చేతికి వచ్చేది కాదు.

బడి మార్పు సంగతి మీవారికి నేను చెప్పానని చెప్పండి. ఆమెది హైస్కూలు కనుక పదో తరగతి అవగానే పదకొండుకు హయ్యర్ సెకండరీ బడికి ఎలాగూ మారాలి. ఇప్పుడే మారిస్తే రెండేళ్లలో రెండు మార్పులు, అందులో మొదటిది పబ్లిక్ పరీక్ష గుమ్మంలో. పైగా ఆ పరీక్షలో సైన్సుకు 75 మార్కులు రాతకు, 25 ప్రాక్టికల్స్‌కు ఉంటాయి. ల్యాబులో చేయి తిరిగిన పిల్లను, సామాను ఎక్కడుందో కూడా తెలియని చోటికి ఆ ఏడాది పంపడం నాకు సరిగా తోచడం లేదు. కోచింగ్ అవసరమనిపిస్తే పదకొండులో ఆలోచించండి.

మీ అత్తగారిని కొట్టిపారేయకండి. పెద్దావిడ భయం మనవరాలి గురించే. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధనలోనో ప్రార్థనలోనో పాల్గొనమని బలవంతం చేయకూడదని ఆవిడకు నెమ్మదిగా చెప్పండి. సైన్సు మాటకొస్తే, వచ్చే ఏడాది అమ్మాయి చదవబోయే వంశపారంపర్య సూత్రాలను కనిపెట్టిన మెండెల్ ఒక కాథలిక్ సన్యాసి. బ్రనో పట్టణంలోని మఠం తోటలో బఠానీ మొక్కలు పెంచి, ఒక ప్రయోగంలో 5,474 గుండ్రటి గింజలు, 1,850 ముడతల గింజలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఇంచుమించు మూడింటికి ఒకటి అన్న నిష్పత్తిని పట్టుకుని 1866లో ప్రచురించాడు. అంతకుముందు 1850లో ఉపాధ్యాయ అర్హత పరీక్షలో ఆయన తప్పాడు కూడా. ఈ కథ అత్తగారికంటే అమ్మాయికే ఎక్కువ అవసరం, ఎందుకంటే జీవశాస్త్రం ఉంటే లెక్కలతో పనిలేదని ఆమె మనసులో అనుకుంటున్నట్టు నాకు అనిపిస్తోంది.

ఈ శనివారమే లెక్కల టీచరును కలవండి. మూడు తరగతులు ఒక్కరే చూస్తున్నారన్నది మీకు లోపంగా కనిపించింది గాని, మీ అమ్మాయిని ఆవిడ ఎనిమిదో తరగతి నుంచీ చూస్తున్నారు. గుర్తుల తడబాటు ఎప్పుడు మొదలైందో ఆవిడకు తెలిసే ఉంటుంది. మార్కుల మాట ఎత్తకుండా ఆ అయిదు లెక్కలు చూపించి, పది రోజులు బడి వదిలాక ఇరవై నిమిషాలు ఇవ్వగలరా అని అడగండి. వీలుకాదంటే పదో తరగతి అమ్మాయిల్లో ఎవరినైనా చూపమనండి. మీవారినీ వెంట తీసుకెళ్లండి, మాట్లాడేది మాత్రం అమ్మాయి. ఎక్కడ తప్పు పోతోందో పత్రం మీద తనే వేలుపెట్టి చూపించాలి. ఏప్రిల్ వార్షిక పరీక్ష పత్రం వచ్చాక, బడి మాట ఎత్తకముందు, ఆ బ్రాకెట్టు లెక్కలు ఎన్ని సరిగా వచ్చాయో లెక్కపెట్టి నాకు రాయండి.