డెండార్‌ను అప్పుడే బయటికి తేవద్దు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ చదివాను. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో మొదటిసారి గేమ్ మాస్టర్‌గా, అంటే కథ నడిపేవాడిగా కూర్చుంటూ సర్పదేవత డెండార్‌ను విలన్‌గా పెట్టుకోవడం నాకు నచ్చింది. కానీ మూడో సెషన్‌కే ఆమెను బయటికి తెచ్చి యుద్ధం పెట్టేశావు. అది వద్దు నాన్నా. ఎన్ని దెబ్బలకు చస్తుందో చెప్పే హిట్ పాయింట్లు రాసిన మరుక్షణం ఆమె కొట్టి చంపాల్సిన పెద్ద పాము అయిపోతుంది. ఆమెకు దేనికి ఆకలో, ఆ ఆకలి తీర్చడానికి మనుషులు ఎంతకు తెగిస్తారో చూపించు. భయం అక్కడ పుడుతుంది.

మీ ఆట జరిగే కల్పిత లోకం ఫర్గాటెన్ రియల్మ్స్‌లో యువాన్-టీలు, అంటే పాము మనుషులు, కొలిచే మెర్షౌల్క్, స్సెత్, డెండార్ ముగ్గురిలో నువ్వు డెండార్‌ను ఎంచుకోవడం మంచిదైంది. మనం లేచేసరికి మరిచిపోయే పీడకలలే ఆమె తిండి. చుల్ట్ అడవుల్లో, పీక్స్ ఆఫ్ ఫ్లేమ్ అగ్నిపర్వతాల కింద ఒక తలుపు వెనక ఉంటుంది. అది తెరుచుకుంటే లోకానికి అంతమే. కాపలా కాయాల్సిన దేవుడు ఉబ్తావో చుల్ట్‌ను విడిచిపోయాడు. ఇంత మంచి ముడిసరుకు ఉండగా పోరాటం కోసం తొందర దేనికి?

ఆట మొదలుకాకముందే ఒక్కో ఆటగాడినీ తన పాత్రకున్న ఒక భయాన్ని చీటీ మీద రాసిమ్మను. ఆ చీటీలు నీ దగ్గరే దాచు. కొన్నాళ్లకు ఒక రాత్రి విడిదిలో ఒక పాత్ర ఒళ్లంతా చెమటతో లేస్తుంది, ఏం కలొచ్చిందో మాత్రం గుర్తుండదు. అంతే చెప్పి ఊరుకో. మర్నాడు సత్రంలో పిల్లాడు అదే మాట అంటాడు, తర్వాతి ఊళ్లో ముసలమ్మా అంటుంది. ఆ మరుపే ఆమె వేలిముద్ర. దాన్ని ఆటగాళ్లే పట్టుకోవాలి, నువ్వు నోరు జారకు.

ఆమె భక్తులందరినీ దుర్మార్గులుగా చేయకు. నీ కథలో ఒక మాజీ సైనికుణ్ణి పెట్టు. యుద్ధం కలలోకి వచ్చి ఏళ్లుగా కంటిమీద కునుకు లేనివాడు. డెండార్ పూజారిణి అతనికి హాయిగా నిద్రపోయే రాత్రులిస్తానంటుంది, ఇస్తుంది కూడా. అందుకు బదులుగా తలుపు దగ్గరికి బందీలను తోలుకురావాలి. అతన్ని ఆపాలంటే మళ్లీ ఆ కలల్లోకి తోసేయాలి. ఇక్కడ ఆటగాళ్లు వాదించుకుంటారు. ఎంతసేపు వాదించుకున్నా అడ్డురాకు, ఆ వాదనే నీ ఆటకు ప్రాణం.

యువాన్-టీలు వికటాట్టహాసాలు చేసేవాళ్లు కారు. వాళ్ల మనసులో దయకు చోటు లేదు, లెక్క ఒక్కటే ఉంటుంది. వాళ్లలో ప్యూర్‌బ్లడ్‌లనే రకమైతే కళ్లో, మెడ మీద కొద్దిపాటి పొలుసులో తప్ప అచ్చం మనుషుల్లానే ఉంటారు. వాళ్లకు విషం ఎక్కదు. అందుకని వాళ్లలో ఒక వర్తకురాలు విషం కలిపిన కూజాలోంచి రెండు గిన్నెల్లో పోసి, ముందు తానే గుక్కెడు తాగి, రెండోది బేరానికి వచ్చిన దూతకు అందిస్తుంది. దూత నేలకొరుగుతాడు. ఆమె మాత్రం మాట ఆపకుండా బేరం కొనసాగిస్తుంది. ఈ ఒక్క దృశ్యం పది పోరాటాల పెట్టు.

ముఖ్యమైన మాట ఇంకొకటుంది. నీ బల్ల దగ్గర పామంటే నిజంగానే వణికేవాళ్లు ఉండొచ్చు, నరబలి వర్ణన భరించలేనివాళ్లూ ఉండొచ్చు. ఆటకు ముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే సెషన్ జీరోలోనే అందరినీ అడుగు. అడగడానికి మొహమాటపడకు. ఇబ్బందిగా ఉంటే తాకడానికి ఎక్స్ కార్డ్, అంటే X అని రాసిన చీటీ, బల్ల మీద ఉంచు. ఎవరైనా దాన్ని తాకితే ఎందుకని అడక్కుండా ఆ దృశ్యం దాటెయ్.

చివరి పోరు పూజారిణితో పెట్టుకో. తలుపు మూసి ఉంచగలగడమే ఆటగాళ్ల గెలుపు. ఒకవేళ ఓడిపోతే అప్పుడు తెరువు, సగం తెరిచి ఆపకు. అందుకే ఓటమి తర్వాత ఏం జరుగుతుందో ముందే రాసి పెట్టుకో. నీ కథలో ఆ పేజీ కనిపించలేదు. రాసి నాకు పంపు, చూస్తాను.

ప్రేమతో,
అత్తయ్య