కొమ్మ మీద గ్రౌజ్, చేతిలో పిస్టల్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, మేం అమెరికాలో ఐడహో స్టేట్‌లో, బోయిసీ దగ్గర ఉంటున్నాం. మా ఆఫీసులో ఒకాయన ప్రతి సెప్టెంబర్ కొండల్లోకి వెళ్లి .22 పిస్టల్‌తో (సన్న తూటా వేసే చిన్న పిస్టల్) గ్రౌజ్ పిట్టల్ని, అంటే అడవికోళ్ల లాంటి పక్షుల్ని, కొట్టుకొస్తాడు. పదిహేను అడుగుల దూరంలో కదలకుండా కూర్చుంటాయి, దానికి షాట్‌గన్ ఎందుకు అంటాడు. ఈసారి నన్నూ రమ్మంటున్నాడు. నాది హెచ్‌వన్‌బీ వీసా. అంత దగ్గర్నుంచి పిస్టల్‌తో కొట్టడం లీగలేనా? అసలు అది పద్ధతేనా?
(ఒక పాఠకుడు, బోయిసీ)

జవాబు: ముందు వీసా సంగతి చూద్దాం, మనవాళ్లు చాలామంది దీన్ని అసలు పట్టించుకోరు. హెచ్‌వన్‌బీ, హెచ్‌ఫోర్, ఎఫ్‌వన్ లాంటి నాన్ ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని అక్కడి ఫెడరల్ చట్టం, అంటే దేశం మొత్తానికీ వర్తించే చట్టం, చెప్తుంది. దానికి ఉన్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటే, ఏదో ఒక స్టేట్ ఇచ్చిన వేట లైసెన్స్ చేతిలో ఉండాలి, దాని డేటు దాటిపోకూడదు. "తుపాకీ నాది కాదు కదా, ఫ్రెండ్‌ది, ఫోటో కోసం పట్టుకున్నా" అంటే అక్కడ నడవదండీ. తుపాకీ కేసు పడితే జరిమానాతో వదిలిపోదు, దేశం నుంచి పంపించేయడానికి కూడా అది కారణం అవుతుంది. అందుకని లైసెన్స్ చేతికొచ్చాకే పిస్టల్ ముట్టుకోండి, ఈ వరస మాత్రం తప్పొద్దు. 1975 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి ఐడహోలో లైసెన్స్ కావాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి. దాన్ని తప్పించుకునే దారులు వెతక్కండి, చాలా పనికొచ్చే కోర్సు.

ఇక పిట్టల సంగతి. డస్కీ, రఫ్డ్, స్ప్రూస్ అని మూడు రకాల గ్రౌజ్ ఉంటాయి, ఐడహోలో ఈ మూడింటినీ కలిపి ఫారెస్ట్ గ్రౌజ్ అంటారు. వీటిని పిస్టల్‌తో కొట్టడానికి అక్కడ పర్మిషన్ ఉంది. సీజన్ ఆగస్టు 30న మొదలవుతుంది, మనిషికి రోజుకి నాలుగు పిట్టలు, అయినా ఏ ఏడాది రూల్స్ బుక్ ఆ ఏడాది చూసుకోవాల్సిందే. సరిగ్గా అదే టైములో సెప్టెంబర్ 1న పావురాల సీజన్ కూడా మొదలవుతుంది, పిస్టల్ ఎలాగూ చేతిలో ఉంది కదా అని పావురాన్ని కొట్టారనుకోండి, అది ఫెడరల్ నేరం. పావురాలు, బాతులు లాంటి వలస పక్షుల మీద రైఫిల్, పిస్టల్ వాడకూడదు, ఈ రూల్ దేశం మొత్తానికీ ఒకటే. సేజ్ గ్రౌజ్ పేరులో గ్రౌజ్ అని ఉన్నా దానికీ పిస్టల్ పనికిరాదు. కాబట్టి ఎదురుగా కూర్చున్నది ఏ పిట్టో గుర్తుపట్టలేకపోతే గురి పెట్టనే కూడదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, పద్ధతేనా అని. నా ఉద్దేశంలో పద్ధతే, కాకపోతే మీ ఆఫీసాయన చెప్పే కారణం మాత్రం కాదు. స్ప్రూస్ గ్రౌజ్‌కి మనిషి భయం చాలా తక్కువ, అందుకే అక్కడివాళ్లు దాన్ని ఫూల్ హెన్ అని పిలుస్తారు. కొమ్మ మీద కూర్చుని మెడ నిక్కించి, తల అటోసారి ఇటోసారి తిప్పుతూ మిమ్మల్నే చూస్తుంటుంది. అంత దగ్గర్లో ఉంటే పని సులువని ఎవరికైనా అనిపిస్తుంది కానీ మీరు కొట్టాల్సింది పిట్టని కాదు, తలని, మహా అయితే మెడ పైభాగాన్ని. ఆ తల అంగుళం కంటే పెద్దగా ఉండదు, అదీ కదుల్తూ ఉంటుంది. ఒంటికి తగిలితే రొమ్ము మాంసం చితికిపోవడం ఒకెత్తు, అది గాయంతో ఎగిరి ఎక్కడో పొదల్లో పడి రాత్రంతా కొట్టుకుని చావడం ఇంకో ఎత్తు. షాట్‌గన్‌లో గుళ్లు చెదురుతాయి కాబట్టి గురి కాస్త అటూ ఇటూ అయినా పనైపోతుంది, ఒక్క తూటా పిస్టల్‌తో అలా కుదరదు. అందుకే షూటింగ్ రేంజిలో పది గజాల నుంచి క్వార్టర్ నాణెం అంత (అంగుళం వెడల్పు) మచ్చలో ఐదుకి ఐదూ పడేదాకా అడవికి వెళ్లకండి, నాలుగు పడి ఒకటి పక్కకి పోయినా ఇంకా రెడీ కానట్టే. అడవిలో కూడా రెండు చేతులతో పట్టుకుని, చెట్టు మొదలుకి ఆనుకుని గానీ కింద కూర్చుని గానీ కాల్చండి.

ఇంకోటి, దీన్ని కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు. పిస్టల్ మీద రెడ్ డాట్ (గురి కోసం ఎర్ర చుక్క చూపించే చిన్న అద్దం) పెట్టుకుంటే అది గొట్టానికి అంగుళంన్నర పైన ఉంటుంది. ఇరవై ఐదు గజాలకి గురి సెట్ చేసుకుని ఐదు గజాల్లో ఉన్న పిట్టని కొడితే తూటా అంగుళం పైనే కిందకి తగులుతుంది. అంటే తలకి గురి పెడితే మెడ కిందో రొమ్ములోనో దిగుతుంది. దూరం తగ్గేకొద్దీ తేడా పెరుగుతుందన్నమాట, మామూలుగా మనం అనుకునేదానికి పూర్తిగా రివర్స్. కాబట్టి పది పదిహేను గజాలకి సెట్ చేసుకోండి, ఐదు గజాల్లో ఎంత కిందకి పోతుందో కాగితం మీద కాల్చి చూసుకుని గుర్తుపెట్టుకోండి. పిస్టల్‌కి మామూలుగా ఉండే ఇనుప గురిముళ్లతో (ఐరన్ సైట్స్) ఈ బాధ సగానికి తగ్గుతుంది, నేనైతే అవే వాడమంటాను.

అన్నిటికంటే ముఖ్యం, పిట్ట వెనక ఏముందో చూడటం. .22 తూటా బరువు రెండున్నర గ్రాములే కానీ దాని పెట్టె మీదే రాసి ఉంటుంది, మైలున్నర దాకా ప్రమాదం అని. పిట్ట కొమ్మ మీద ఉందంటే మీరు పైకి కాలుస్తున్నారు, తప్పితే ఆ తూటా ఆకాశంలోకి పోయి ఎక్కడో లోయలో క్యాంపు వేసుకున్నవాళ్ల మీద పడొచ్చు. సెప్టెంబర్‌లో ఆ కొండల నిండా ఎల్క్ (పెద్ద జింక) వేటగాళ్లు, హకిల్‌బెర్రీలు ఏరుకునేవాళ్లు తిరుగుతుంటారు. వెనకాల లావుపాటి చెట్టు మానో, ఎత్తైన కొండ గట్టో ఉంటేనే కాల్చండి. చుట్టూ తిరిగి అలాంటి చోటు వెతుక్కోండి, ఈలోపు పిట్ట ఎగిరిపోతే పోనివ్వండి. కారులోంచి కాల్చడం, రోడ్డుకి అడ్డంగా కాల్చడం రెండూ నేరమే, దగ్గర్లో ఉందన్న ఆత్రంలో మనుషులు ఎక్కువగా తప్పు చేసేది అక్కడే. చెవులకి మఫ్స్ పెట్టుకోండి, .22 పిస్టల్ శబ్దం చిన్నదనిపిస్తుంది గానీ 140 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు, ఇక్కడే అమెరికాలో పుట్టాడు. ఫ్రెండ్స్ నాన్నలతో గ్రౌజ్ వేటకి పిస్టల్ పట్టుకెళ్తానంటున్నాడు. పంపొచ్చా అండీ?
(ఒక అమ్మ)

జవాబు: పంపాలంటే ముందు కాగితం కావాలమ్మా. పద్దెనిమిది నిండని పిల్లల దగ్గర హ్యాండ్‌గన్ ఉండకూడదని ఫెడరల్ చట్టం, వేటకి మినహాయింపు ఉంది గానీ తల్లిదండ్రులు రాసిచ్చిన అనుమతి వాడి జేబులో ఉండాలి, దాంతోపాటు స్టేట్ రూల్స్ కూడా చూడాలి. కాగితం సంగతి అలా ఉంచితే, మొదటి ఏడాది పిస్టల్ వద్దనే నా మాట. గొట్టం చిన్నది కాబట్టి చేయి కాస్త తిరిగినా అది పక్కనున్న మనిషి వైపు తిరుగుతుంది. .22 రైఫిల్‌తోనో షాట్‌గన్‌తోనో మొదలుపెట్టించండి. ఎవరితో పంపుతున్నారో ఆ పెద్దమనిషితో మీరే కూర్చుని మాట్లాడండి, మొహమాటపడకండి.

ప్రశ్న: కొట్టిన గ్రౌజ్‌ని వండటం ఎలా? మావారు తెచ్చింది వండితే ఒకటే జిగురు వాసన.

జవాబు: అది స్ప్రూస్ గ్రౌజ్ అయ్యుంటుంది. చలి ముదిరేకొద్దీ అది పైన్, స్ప్రూస్ ఆకులే తింటుంది, మాంసానికి ఆ వాసన పడుతుంది. సీజన్ మొదట్లో కొట్టింది అయితే అంత ఉండదు. శుభ్రం చేసేటప్పుడు మెడ కింద తిత్తి కోసి చూడండి, బెర్రీలు, పచ్చి ఆకులు కనిపిస్తే కూర బాగా కుదురుతుంది, అన్నీ సూదుల్లాంటి ఆకులే అయితే చర్మం మొత్తం తీసేసి పెరుగులో నానబెట్టండి. రఫ్డ్ గ్రౌజ్ మాంసం తెల్లగా ఉంటుంది, కొవ్వు దాదాపు ఉండదు, అందుకని కోడికూరలా ఎక్కువసేపు ఉడికిస్తే పీచైపోతుంది. అల్లం వెల్లుల్లి, మిరియాలు పట్టించి పెద్ద మంట మీద వేపుడు చేసి, లోపల ఉడకగానే దింపేయండి. సీసం తూటా తగిలిన చోట చుట్టూ ఉన్న మాంసం మాత్రం కోసి పారేయాల్సిందే, పిల్లలున్న ఇంట్లో మరీను. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లకయితే 2019 జులై 1 నుంచి వేటలో సీసం తూటాలే వాడకూడదు.

ప్రశ్న: అన్నా, మాది ప్రకాశం జిల్లా. లైసెన్స్ అక్కర్లేని ఎయిర్ పిస్టల్ కొన్నా. పొలం గట్ల మీద కౌజు పిట్టలు దగ్గరకే వస్తాయి, కొట్టొచ్చా?

జవాబు: కొట్టకూడదు తమ్ముడూ. లైసెన్స్ అక్కర్లేనిది పిస్టల్‌కి, వేటకి కాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అడవి కౌజుని కొట్టినా, ఉచ్చు వేసి పట్టినా నేరమే, మీ సొంత పొలంలో అయినా అంతే, జైలు శిక్ష దాకా పోతుంది. అమెరికాలో గ్రౌజ్‌కి సీజన్లు, రోజువారీ లెక్కలు పెట్టి పిట్టలు తరిగిపోకుండా చూస్తున్నారు కాబట్టి అక్కడ కుదురుతోంది, మన దగ్గర ఆ ఏర్పాటే లేదు. గురి మీద ఇష్టం ఉంటే పది మీటర్ల ఎయిర్ పిస్టల్ ఒలింపిక్స్‌లోనే ఉంది, దగ్గర్లో షూటింగ్ రేంజి ఎక్కడుందో కనుక్కుని చేరండి. కౌజు మాంసం తినాలనుంటే ఫారాల్లో పెంచిన జపాన్ కౌజులు బజార్లో దొరుకుతాయి.