వాషింగ్టన్ వెళ్తున్న బుజ్జికి

బుజ్జీ,

మీ నాన్న ఫోన్ చేశాడు. "ఇది వాషింగ్టన్ వెళ్లి, పేద దేశాల వ్యవసాయానికి డబ్బివ్వమని అమెరికా కాంగ్రెస్ సభ్యులను అడుగుతుందట, మీరైనా చెప్పండి వదినగారూ" అన్నాడు. మానిపించమని ఆయన ఉద్దేశం. నాకేమో గుండెల్లో దడ ఒక పక్కా, గర్వం ఒక పక్కా. వెళ్లు. కానీ చెప్పేది విని వెళ్లు.

అపాయింట్‌మెంట్ నెల ముందే మీ సభ్యుడి ఆఫీసు వెబ్‌సైట్‌లో అడుగు. పోస్టులో ఉత్తరం వేయకు. 2001లో ఉత్తరాల్లో ఆంత్రాక్స్ క్రిములు పెట్టి పంపిన గొడవ తర్వాత కాంగ్రెస్‌కు వచ్చే టపా అంతా బయట తనిఖీ అయ్యాకే లోపలికి వెళ్తుంది, ఆలస్యమవుతుంది. కాంగ్రెస్‌లో సభలు రెండు, హౌస్, సెనేట్. హౌస్ ఆఫీసులు కాపిటల్ అనే వాళ్ల పార్లమెంటు భవనానికి దక్షిణాన, సెనేట్‌వి ఉత్తరాన. రెండింటికీ మధ్య ముప్పావు గంటైనా ఉంచుకో. నీతో కూర్చునేది సభ్యుడు కాదు, విదేశీ వ్యవహారాలు చూసే సహాయకుడు. పాతికేళ్ల కుర్రాడని చిన్నచూపు చూడకు, లోపలికి నోట్ రాసేది అతనే. నీకు దొరికేది పావుగంట. పౌరసత్వం ఇంకా రాలేదని జంకకు, డల్లాస్‌లో ఏ నియోజకవర్గంలో ఉంటున్నావో చెబితే చాలు. విరాళాల మాట మాత్రం ఆ గదిలో పొరపాటున కూడా ఎత్తకు. శాలువా, పూలగుత్తి అంటావేమో, మనవాళ్లకు అదో జబ్బు. ఫొటోతో పని అయిపోయిందనుకుంటారు!

ఇక నా భయమంతా దేనికంటే, "బిల్లుకు మద్దతిస్తాను" అనిపించుకుని సంబరంగా తిరిగొస్తావేమోనని. ఎందరో చేసే తప్పు ఇదే. పేద దేశాల వ్యవసాయానికి సాయపడే అమెరికా 'ప్రపంచ ఆహార భద్రత చట్టం' 2016లో వచ్చింది. రెండు పార్టీలూ ఓటేశాయి. ఇంత ఖర్చు పెట్టొచ్చని అందులో అంకె కూడా ఉంది. కానీ ఆ అంకె అనుమతే గానీ డబ్బు కాదు. శుభలేఖలు పంచినంత మాత్రాన విస్తట్లో అన్నం పడదు కదా. డబ్బు ఏటా వేరే కేటాయింపుల బిల్లులో రావాలి. ఆ బిల్లులు పన్నెండు, ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలు. కేటాయింపుల సబ్‌కమిటీకి ప్రతి సభ్యుడూ తన కోరికలు ఫారంలో పంపుతాడు. ఆ గడువు సాధారణంగా వసంతంలో పడుతుంది. ఆఫీసు తనకంటూ పెట్టుకునే గడువు అంతకంటే ముందే ముగుస్తుంది. ఆ తేదీ దాటాక ఎంత బాగా మాట్లాడినా, "వచ్చే ఏడు చూద్దాం" అంటారు.

ఆ ఫారంలో ముఖ్యంగా అడిగేవి మూడు: ఏ బిల్లు, ఏ ఖాతా, ఎంత. అక్కడే ఇంకో గుంట ఉంది. ధాన్యం పంపే 'ఫుడ్ ఫర్ పీస్' డబ్బు వ్యవసాయ శాఖ బిల్లులో ఉంటుంది. విత్తనం, పరిశోధన, రైతు శిక్షణల డబ్బు విదేశాంగ శాఖ బిల్లులో. రెండూ కలిపి "ఆకలికి సాయం" అన్నావంటే, ఆ కుర్రాడు తల ఊపి నీ కాగితం తప్పు ఫైలులో పెడతాడు. పైగా 2025 జులైలో, విదేశాలకు సాయం చూసే యూఎస్‌ఎయిడ్ సంస్థలో మిగిలిన పనులు విదేశాంగ శాఖకు వెళ్లాయి, హౌస్‌లో సబ్‌కమిటీ పేరూ మారింది. పాత కరపత్రం పట్టుకెళ్లకు. ఈ ఏటి బిల్లు తెరిచి, ఖాతా పేరు అక్షరం పొల్లుపోకుండా రాసుకో. ఒక్క పేజీ, పైన ఒకే కోరిక.

ధాన్యం వద్దని కాదు తల్లీ. 1965, 66 కరువుల్లో అమెరికా ఆహార సాయ చట్టం పీఎల్ 480 కింద గోధుమల ఓడలు రాకపోతే మన దేశం గతేమయ్యేదో. అయితే ఆ గింజ ఆ ఏటికే సరి. 1966లో మెక్సికో నుంచి తెప్పించిన 18,000 టన్నుల గోధుమ విత్తనమే తర్వాతి పంటలకు దారి చూపింది. నువ్వు అడగాల్సింది ఆ రెండో రకం డబ్బు.

"మన అమెరికా రైతులుండగా వాళ్లకెందుకు?" అని తప్పక అడుగుతారు. ఎముకల గూడులాంటి పిల్లల ఫొటోలు తీయకు, ఆ పిల్లలకూ ఒక మర్యాద ఉంది. మీ టెక్సస్ జొన్న సంగతి చెప్పు. 2013లో అక్కడి జొన్న మీద చెరకు పేనుబంక అనే పురుగు విరుచుకుపడింది. ఆకు అడుగున జేరి రసం పీలుస్తుంది, జిగురు కారుస్తుంది, కోత యంత్రాలు కూడా ఆ జిగురుకు బిగుసుకుపోతాయి. దాన్ని తట్టుకునే జన్యువు మూలం ఇథియోపియా నాటు జొన్నల్లో ఉంది. అదే పురుగుతో పోరాడుతున్న హైతీ జొన్న పరిశోధనలో ఆ సంగతి బయటపడింది, అక్కడ అమెరికా సాయం కూడా ఉంది. ఆ పరిశోధన ఫలం అమెరికా జొన్న పరిశోధకులకూ పనికొచ్చింది. ఇది విన్న కుర్రాడు పెన్ను తీస్తాడు.

"సార్‌కు చెబుతాం" అంటే కాదన్నట్టే లెక్క. "ఫారంలో ఈ ఖాతా, ఈ మొత్తం రాస్తారా? ఎప్పటికి తెలుస్తుంది?" అని అడుగు. ఆ సాయంత్రమే మెయిల్ పెట్టు, రెండు వారాలకు మళ్లీ పెట్టు. ఆగస్టులో సభ్యులు ఊళ్లకు వస్తారు, అప్పుడు డల్లాస్ ఆఫీసులో కలువు.

ముందు మీ సభ్యుడి ఆఫీసు గడువు తేదీ కనుక్కుని నాకు మెసేజ్ చెయ్యి. మీ నాన్నతో నేను మాట్లాడతాలే.

పెద్దమ్మ