బండి స్టార్ట్ కాకపోతే ముందు పది నంబరు పానా అందుకోండి

"అన్నా, ఆఫీసుకి బయల్దేరదామని సెల్ఫ్ కొడితే టిక్ టిక్ టిక్ అంటోంది, ఇంజిన్ తిరగట్లేదు. మారతహళ్లి దగ్గర మంచి మెకానిక్ ఎవరైనా తెలుసా?" కర్నూలు నుంచి బెంగళూరు వచ్చి నాలుగు నెలలైన తమ్ముడొకడు మొన్న పొద్దున పంపిన మెసేజ్ ఇది. మట్టిదారుల్లో కూడా తిరిగే హీరో ఎక్స్‌పల్స్ 4వీ బైకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మెకానిక్ నంబరు ఇచ్చాను, ఇస్తూ ఇంకో మాట కూడా చెప్పాను: నంబరు తర్వాత, ముందు బ్యాటరీ మూత తీసి టెర్మినళ్లు వేళ్లతో కదిపి చూడు. ఇరవై నిమిషాల్లో ఫోను. మైనస్ బోల్టు చేత్తోనే తిరిగిందట, పది నంబరు పానాతో బిగిస్తే ఒక్క సెల్ఫ్‌కే అందుకుందట.

అనంతపురం నుంచి నేను బెంగళూరు వచ్చి పద్నాలుగేళ్లు దాటింది. నాది అదే రకం బైకు, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, మా బామ్మర్దిది ఎక్స్‌పల్స్, రెండూ మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో నేనే చూసుకుంటాను. ఊళ్లో అయితే వీధి చివర మెకానిక్ మన చిన్నప్పటి నుంచి తెలిసినవాడే ఉంటాడు, బండి తోసుకుంటూ వెళ్తే చేతిలో పని పక్కన పెట్టి చూస్తాడు. ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్లకి ఆ మనిషి దొరకడానికి ఏడాది పడుతుంది. అందాకా చిన్న పనులు మీకే రావాలి, పైగా ఇలాంటి బళ్లు కొనేదే వారాంతంలో ఊరి బయట మట్టిదారి పట్టడానికి, అక్కడ మెకానిక్ ఎలాగూ ఉండడు.

స్టార్ట్ కాని బండిని చూసే పద్ధతి చెప్తాను. శబ్దం వినండి చాలు, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. టిక్ టిక్ అని వరసగా రిలే (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్చి) కొట్టుకుంటోందంటే కరెంటు ఉంది గానీ ఆ మోటారుని తిప్పేంత అందట్లేదని. ఏ శబ్దమూ లేకపోతే హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే కిల్ స్విచ్, సైడ్ స్టాండు, క్లచ్ స్విచ్, ఫ్యూజు, ఈ వరసలో చూడండి. సైడ్ స్టాండు స్విచ్చిలో బురద గట్టిపడి బండి కదలకుండా కూర్చోవడం ఈ రకం బళ్లలో మామూలే, నీళ్లు కొట్టి పాత టూత్ బ్రష్షుతో తోమితే పోతుంది. మోటారు బాగానే తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే మాత్రం పెట్రోలు, ప్లగ్గు, గాలి, ఈ మూడింట్లో ఏదో ఒకటి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో తాళం తిప్పగానే ట్యాంకులోంచి రెండు మూడు సెకన్లు జుయ్‌మని పంపు శబ్దం రావాలి, రాలేదంటే ప్లగ్గు విప్పి కూర్చోకండి, ముందు పంపు ఫ్యూజు చూడండి. బండి కింద పడి లేచాక స్టార్ట్ కాకపోతే కంగారు వద్దు. చాలా బళ్లలో ఒరిగితే ఇంజిన్ ఆపే సెన్సర్ ఉంటుంది, నిటారుగా నిలబెట్టి తాళం ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి.

ఎస్పీ రోడ్డులో చిన్న మల్టీమీటరు ఒకటి కొనుక్కోండి, ఖరీదైనది అక్కర్లేదు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికొచ్చినట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10 కన్నా బాగా కిందికి పడిపోతుంటే బ్యాటరీ అలసిపోయింది, లేదా ఎక్కడో కనెక్షన్ లూజు. ఇంజిన్ ఆన్ చేసి కాస్త రేస్ ఇచ్చినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగ్ బాగున్నట్టే.

ఈ కొలత విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నా బండి కొన్న రెండో ఏడు, హోసూరు రోడ్డు మీద రాత్రి పదింటికి ఆగిపోయింది. టోయింగ్‌కి డబ్బు కట్టి ఒక వర్క్‌షాపులో దింపితే కొత్త బ్యాటరీ వేసి ఇచ్చారు. మూడు వారాలకి మళ్లీ అదే టిక్ టిక్. ఆ ఆదివారం కూర్చుని బ్యాటరీ మైనస్ నుంచి బయల్దేరిన నల్ల వైరు ఎక్కడికి పోతోందో వేలితో తడుముతూ వెళ్లాను. ఫ్రేముకి బిగించే చోట ఉంగరంలాంటి లగ్గు కింద ఆకుపచ్చటి పొడి, దాని కింద తుప్పు, బోల్టు పావు చుట్టు లూజు. విప్పి ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్ది, కాస్త వాసెలిన్ రాసి బిగించాను. ఆరేళ్లయింది, ఆ చోట మళ్లీ పని పడలేదు. నా పాత బ్యాటరీకి అసలు ఏ జబ్బూ లేదు.

కొత్తవాళ్లు ఇంకో పొరపాటు కూడా చేస్తారు. బండి కొన్న వారానికే ఫాగ్ లైట్లు, ఫోన్ చార్జరు, జీపీఎస్ ట్రాకరు, అన్నీ నేరుగా బ్యాటరీకే తగిలించేస్తారు. సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి బ్యాటరీ ఖాళీ. లైట్లకీ చార్జరుకీ వేరే ఫ్యూజు, తాళం తీస్తే కరెంటు ఆగేలా రిలే పెట్టించండి. ఎక్కువ రోజులు వెళ్తుంటే మైనస్ వైరు విప్పి వెళ్లండి, మీరు ఊళ్లో లేనప్పుడు ట్రాకరు పని చేయదు కాబట్టి బండికి గట్టి గొలుసు వేసుకోండి.

ఇక చైను. బిగుతుగా ఉంటే బండి బాగా లాగుతుందనే నమ్మకం మనవాళ్లలో చాలామందికి ఉంది, మామూలు బైకు కన్నా ఈ బళ్లకి అది ఎక్కువ హాని. ఎందుకంటే వీటి వెనక సస్పెన్షన్ చాలా దూరం కదులుతుంది. గుంతలో పడి వెనక చక్రం పైకి వచ్చినప్పుడు ముందు స్ప్రాకెట్ (చైను ఎక్కే పళ్ల చక్రం), వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ బోల్టు, వెనక ఇరుసు మూడూ ఒకే గీతలోకి వస్తాయి, అప్పుడు చైను అన్నిటికన్నా బిగుతవుతుంది. నిలబెట్టి ఉన్నప్పుడే బిగుసుకుని ఉన్న చైను ఆ క్షణంలో గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగుని పట్టి గుంజుతుంది. అందుకే లూజు ఎంత ఉండాలో మాన్యువల్‌లో, లేదా స్వింగ్ ఆర్మ్ మీద స్టిక్కరులో చూసి, స్టీలు స్కేలు పెట్టి కొలవండి. ఒక్క చోట కొలిస్తే సరిపోదు, చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి. నడిచిన చైను అంతా ఒకేలా సాగదు, ఎక్కడ బిగుతుగా ఉందో అక్కడి కొలతనే లెక్కలోకి తీసుకోండి. రెండు వైపులా అడ్జస్టర్ గుర్తులు ఒకే గీత మీద ఉండాలి. చివర్లో ఇరుసు నట్టు బిగించారో లేదో ఇంకోసారి చూడండి, ఆ తర్వాతే పానా పెట్టెలో పెట్టండి.

ప్రతి 500 కిలోమీటర్లకీ చైనుకి 90 గ్రేడు గేర్ ఆయిల్ గానీ స్ప్రే లూబ్ గానీ, వాన పడ్డ రోజు సాయంత్రం అయితే లెక్క చూడకుండా. కడగడానికి పెట్రోలు వాడకండి, లింకుల మధ్య ఉండే రబ్బరు ఓ-రింగులు పాడవుతాయి. చైన్ క్లీనర్ గానీ కిరోసిన్ గానీ చాలు. ఇంజిన్ ఆన్ చేసి గేర్లో పెట్టి చక్రం తిరుగుతుండగా చైను తుడవడం మాత్రం ఎప్పటికీ చేయొద్దు, స్ప్రాకెట్‌లో గుడ్డ పడితే దాంతోపాటే వేళ్లూ పోతాయి. చక్రం చేత్తోనే తిప్పండి.

స్పోకులు నెలకోసారి చూసుకోండి. చిన్న పానాతో ఒక్కో స్పోకునీ మెల్లగా తట్టుకుంటూ వెళ్తే బిగుతుగా ఉన్నది టింగ్‌మంటుంది, లూజుగా ఉన్నది మొద్దుగా టక్‌మంటుంది. మా బామ్మర్ది బండికి అవలబెట్ట దారిలో ఒక రోజు తిరిగొచ్చాక వెనక చక్రంలో వరసగా మూడు టక్‌మన్నాయి. ఒకటీ రెండూ అయితే స్పోక్ కీతో పావు చుట్టు చొప్పున మనమే సరిచేయొచ్చు, అంతకన్నా ఎక్కువైతే చక్రం వంకర తీసే పాతకాలపు సైకిల్, బైకు రిపేరు షాపువాళ్ల చేతికివ్వండి.

స్పోకు చక్రాలంటే చాలా బళ్లలో ట్యూబులే, ట్యూబ్‌లెస్ పంచరు కిట్టు వీటికి పనికిరాదు. లేపాక్షి మనకి 120 కిలోమీటర్ల దూరం, దారి మంచిదే, కానీ హైవే పంచరు షాపులో 21 అంగుళాల ముందు ట్యూబు దొరుకుతుందనే నమ్మకం పెట్టుకోకండి. ఒకే ట్యూబు మోయగలిగితే ఆ 21 అంగుళాలదే మోయండి, అవసరమైతే 18 అంగుళాల వెనక చక్రంలో కూడా అదే కూర్చుని ఇంటిదాకా తీసుకొస్తుంది. రెండు టైర్ లివర్లు, చిన్న పంపు, ఇరుసుకి సరిపోయే పానా కూడా ఉండాలి. ఈ పని మొదటిసారి రోడ్డు పక్కన చేయొద్దు. ఒక ఆదివారం బేస్‌మెంట్‌లో చక్రం విప్పి, ట్యూబు తీసి, మళ్లీ ఎక్కించి చూడండి. నాకు మొదటిసారి రెండు గంటలు పట్టింది, కొత్త ట్యూబుని లివరుతో నేనే చిల్లు చేశాను. ఎక్కించే ముందు ట్యూబులో కొద్దిగా గాలి ఉంటే మడత పడదు, లివరుకి అందదు, అది ఆ రోజే తెలిసింది.

ఎయిర్ ఫిల్టరు గురించి ఒక్క మాట. చిక్కబళ్లాపుర వైపు క్వారీ దారుల్లో ఒక్క రోజు తిరిగినా ఎర్రదుమ్ము లోపల పొర కడుతుంది. స్పాంజి ఫిల్టరయితే కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి పెట్టొచ్చు. నూనె పూసిన కాగితం ఫిల్టరుని మాత్రం కడగకూడదు, గాలి కొట్టకూడదు, మార్చేయడమే. మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లు మామూలు రోడ్లకి, మట్టిదారులు తిరిగేవాళ్లు ముందే మార్చాలి.

నీళ్ల సంగతి. 2024 మార్చిలో ఈ ఊళ్లో నీళ్ల ఎద్దడి వచ్చినప్పుడు తాగునీటితో బళ్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. మా అపార్ట్‌మెంట్‌లో ఆ వేసవంతా ట్యాంకర్ల కోసం రాత్రిళ్లు మేలుకున్నాం. అప్పటి నుంచి నాది ఒక్క బకెట్టు, రెండు పాత బనియన్లు. ముందు బురద పూర్తిగా ఆరనివ్వండి, బ్రష్షుతో దులపండి, తర్వాత తడిగుడ్డ. బండికీ ఇదే మేలు, ప్రెషర్ వాష్ నీళ్లు చక్రాల బేరింగుల్లోకి, హ్యాండిల్ తిరిగే చోటి బేరింగుల్లోకి (కోన్‌సెట్) దూరితే గ్రీజు కొట్టుకుపోతుంది.

ఇంజిన్ ఆయిల్ ఇంట్లో మార్చడం తేలికే: ఇంజిన్ కాస్త వేడెక్కనిచ్చి ఆపాలి, కింద బేసిన్ పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పాలి, వాషరు కొత్తది వేయాలి. ఇంజిన్ కేసింగ్ అల్యూమినియం, బలం చూపించి బిగిస్తే మరలు ఊడిపోతాయి, ఎంత బలంతో బిగించాలో కొలిచి బిగించే టార్క్ రెంచి కొనలేకపోతే నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. అసలు శ్రద్ధ పెట్టాల్సింది తీసిన పాత ఆయిల్ మీద. దాన్ని బేస్‌మెంట్ డ్రెయిన్‌లో పోయకండి, దయచేసి. ఇక్కడి కాలువలు చేరేది చెరువులకే, బెళ్లందూరు చెరువు నురగలు కక్కడం, 2018 జనవరిలో అంటుకుని కాలడం ఈ ఊరంతా చూసింది. పాత ఆయిల్‌ని అదే డబ్బాలో పోసి మూత పెట్టి మెకానిక్ షాపుకి తీసుకెళ్లండి, వాళ్ల దగ్గర డ్రమ్ము ఉంటుంది, కొనేవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు.

ఏపీ, తెలంగాణ నంబరు బండి తెచ్చుకున్నవాళ్లు పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచితే చట్టం ప్రకారం కర్ణాటక నంబరుకి మారాలి. పాత ఆర్టీవో ఎన్‌వోసీ ముందే తెప్పించుకోండి, ట్యాక్స్ కూడా ఇక్కడ కట్టాలి.

పార్టులు జేసీ రోడ్డులో, పానాలు ఎస్‌జేపీ రోడ్డులో దొరుకుతాయి. ఆ షాపుల్లో తెలుగు చాలామందికి వచ్చు, అయినా "ఎష్టాగుత్తె అణ్ణా" (ఎంతవుతుంది అన్నా) అని కన్నడంలో అడిగి చూడండి, మాట్లాడే తీరే మారుతుంది. మెకానిక్ దగ్గర ఏదైనా మార్పిస్తే "హళే పార్ట్ కొడి" (పాత పార్టు ఇవ్వండి) అని పాతది చేతికి తీసుకోండి, ఏది ఎందుకు పోయిందో చూస్తేనే తెలుస్తుంది. బ్రేక్ లైన్లో గాలి తీయడం, ఫోర్కు సీళ్లు, వాల్వులు, ఇవి మొదటి ఏడాది అతనికే వదిలేయండి, కానీ పక్కన నిలబడి చూడండి.

మొన్నటి తమ్ముడికి నేనిచ్చిన నంబరు వృథా కాలేదు. మాన్యువల్ ప్రకారం అతని బండికి వాల్వ్ క్లియరెన్స్ (ఇంజిన్ వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి గ్యాపు) చూడాల్సిన కిలోమీటర్లు దాటిపోయాయి. శుక్రవారం రాత్రే బండి అక్కడ పెట్టి రమ్మన్నాను, ఆ గ్యాపు చల్లారిన ఇంజిన్ మీదే కొలవాలి.