కాపురం నిలబెట్టడం ఎవరి ఉద్యోగం?

ప్రశ్న: మేడమ్, నేను ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) విద్యార్థినిని. ఫీల్డ్‌వర్క్ కోసం నగరంలో ఒక కుటుంబ కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్తున్నాను. అక్కడి రిజిస్టరులో చివరి గడి ‘ఫలితం’. అందులో ‘కలిపి పంపాం’ అని రాస్తే కేసు గెలిచినట్టు. మొన్న ఒకామె చేతి మీద కాలిన గాయంతో వచ్చింది. ఆమెనూ భర్తనూ పక్కపక్కన కూర్చోబెట్టి, ఎవరి తప్పులు వాళ్లు చెప్పుకోమన్నారు. నేను నోరు తెరవబోతే ‘సోషల్ వర్కర్ తటస్థంగా ఉండాలి, నీ స్త్రీవాదం పరీక్షలో రాసుకో’ అన్నారు. నిజంగానే అది పరీక్షకు తప్ప పనికిరాదా?
– విద్యార్థిని, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: ఆ రిజిస్టరు నాకు బాగా తెలుసమ్మా. డాబా గార్డెన్స్‌లో మేడ మీద గదిలో నేను ఉద్యోగం చేసిన రోజుల్లోనూ చివరి గడి అదే. పంపిన నెలకో, ఆరు నెలలకో ఆమె ఎలా ఉందన్నదానికి మాత్రం గడి లేదు. పై ఆఫీసు అడగదు కాబట్టి ఎవరూ గీయలేదు.

తటస్థం సంగతి చూద్దాం. ఆ ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు, సాయంత్రం ఒకే ఇంటికి వెళ్తారు. ఆ గదిలో అతను ఏం మాట్లాడినా అతనికి నష్టం లేదు. ఆమె మాట్లాడిన ప్రతి మాటకూ రాత్రికి ఇంట్లో జవాబు చెప్పుకోవాలి. ఇది తెలిసి కూడా ఇద్దరికీ చెరో పది నిమిషాలు ఇచ్చి ‘మేం ఎవరి పక్షమూ కాదు’ అనేవారు, నిజానికి ఒక పక్షం వహిస్తున్నారు. స్త్రీవాదం సోషల్ వర్కర్‌ని అడిగేది మొదట ఇదే: గదిలోకి రాకముందే ఎవరి చేతిలో ఎంత ఉందో చూడు. ఇల్లు ఎవరి పేరున ఉంది, జీతం ఎవరి చేతికి వస్తుంది, గొడవైతే ఎవరు ఎవరి గుమ్మం దాటి వెళ్లాలి?

దీన్ని వాదన కింద పెట్టకు, రూలు కింద పెట్టు. 2005 గృహ హింస చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. దాని నిబంధనల్లో పద్నాలుగోది కౌన్సెలింగ్ గురించే. తాను చేసిన హింసకు సమర్థన చెప్పుకునే అవకాశం భర్తకు కౌన్సెలింగ్‌లో ఉండదు, ఆ సంగతి అతనికి ముందే తెలియజేయాలి అని అందులో ఉంది. రాజీ ప్రయత్నం కూడా ఆమె కోరితేనే. ఇది మెజిస్ట్రేటు నియమించే కౌన్సెలర్ల కోసం రాసినదే, నిజమే. అయినా కోర్టుకు తగిన పద్ధతి మీ కేంద్రానికి తగకుండా పోదు. ‘అన్నం ఆలస్యమైంది, అందుకే చెయ్యి కాల్చాను’ అనేది ఆ బెంచీ మీద వినవలసిన మాటే కాదు.

ఇక నువ్వు రేపటి నుంచి చెయ్యగలిగినది. ఆమెను విడిగా కూర్చోబెట్టు. ‘ఎందుకు గొడవ’ అని మొదలుపెట్టకు. నేను మొదట అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఇవాళ ఇక్కడికి ఎలా వచ్చావు, ఇంట్లో ఏమని చెప్పి వచ్చావు?’ రేషన్ కార్డు పని అని చెప్పి వచ్చానంటుంది ఒకామె. ఆటోకు డబ్బులు పక్కింటి పిన్నిగారు ఇచ్చారంటుంది ఇంకొకామె. ఫోను ఇంట్లోనే వదిలేసి వచ్చాను, ఎక్కడ ఉన్నానో ఆయనకు కనిపిస్తుంది అంటుంది చదువుకున్న అమ్మాయి. ఒక్క దెబ్బ గురించి అడగకుండానే కాపురం మొత్తం కళ్ల ముందుకొస్తుంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ అనే ఊళ్లో, దెబ్బలు తిన్న ఆడవాళ్ల బృందాలతో మాట్లాడి 1980లలో ఒక చక్రం గీశారు. బెదిరింపు, డబ్బు బిగబట్టడం, అయినవాళ్లకు దూరం చేయడం, పిల్లలను అడ్డుపెట్టుకోవడం దాని గళ్లు. వాటికి నడుమ ఇరుసులా ఉండేది అధికారం, అదుపు. దాన్ని తెచ్చి గోడకు అతికించమనను. మన ఊరి గళ్లు నువ్వే రాసుకో: ఏటీఎం కార్డు అత్తగారి బీరువాలో ఉండటం, చందనోత్సవానికి పుట్టింటివాళ్లతో సింహాచలం వెళ్లనివ్వకపోవడం, నైట్ షిఫ్టుకు వెళ్తూ బయట తాళం వేసి పోవడం.

రాత జాగ్రత్త. ‘భార్యాభర్తల మధ్య మనస్పర్థలు’ అని రిజిస్టరులో రాస్తే మూడేళ్ల తరువాత కోర్టులో ఆ కాగితం ఆమెకు ఎందుకూ కొరగాదు. ‘ఫలానా తేదీన భర్త వేడి అట్లకాడతో ఎడమ ముంజేయి మీద కాల్చాడని ఆమె చెప్పింది, గాయం కనిపిస్తోంది’ అని రాయి. ఆసుపత్రికి పంపి గాయం నమోదు చేయించు. చట్టం కింద చికిత్సకు నిరాకరించే వీలు ఆసుపత్రికి లేదు. గృహ హింస నివేదిక నింపవలసింది రక్షణ అధికారి, లేదా నమోదైన సేవా సంస్థ. మీ కేంద్రం అలా నమోదైందో లేదో కనుక్కో. ఆమెకు లాయరు ఫీజు భయం ఉంటే, 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుందని చెప్పు. దానికి ఫోను చేయవలసిన 15100 నంబరు చీటీ మీద కాకుండా నోటికి వచ్చేదాకా చెప్పించు. చీటీలు దొరికిపోతాయి.

ఇదంతా మన దేశానికి కొత్త కూడా కాదు. 1984లోనే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వాళ్లు ముంబై పోలీసు కమిషనర్ కార్యాలయంలో స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేక సెల్ పెట్టి, స్టేషన్ గడపలోనే సోషల్ వర్కర్‌ని కూర్చోబెట్టారు. ఇంకా దగ్గరి మాట చెబుతాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మహిళా అధ్యయన కేంద్రానికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు కదా. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు ఆవిడ. ఎనిమిదేళ్ల వయసులో జరిగిన పెళ్లిని, ఎదిగాక వద్దనుకుని బయటికి వచ్చిన మనిషి. అప్పుడు ఆవిడ పుట్టిన రాజమండ్రిలో మీ కేంద్రంలాంటిది ఒకటి ఉండి ఉంటే ‘కలిపి పంపాం’ అని రాసుకుని సంతోషించేవారు, మనకు ఆవిడ స్థాపించిన ఆంధ్ర మహిళా సభ ఉండేది కాదు.

మీ సూపర్‌వైజరుతో మాత్రం పోట్లాట పెట్టుకోకు. ఆవిడ చేతికి వచ్చేది ఎంతో, ఏ నెలది ఏ నెలలో వస్తుందో కనుక్కున్నావా? ఆవిడ ఉద్యోగం ఆ చివరి గడి మీద ఆధారపడి ఉంది. రిజిస్టరులో ఇంకో గడి గీయడానికి ఒప్పించు: ‘ఆమె ఏం కోరింది?’ దానికి ఏ పై ఆఫీసు అనుమతీ అక్కర్లేదు, స్కేలు చాలు.

*

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి చేత రాయిస్తున్నాను. నేను హార్బరులో వేలంలో చేపలు కొని ఎంవీపీ కాలనీలో అమ్ముతాను. మా ఆయన బోటు మీద కళాసీ. వేట ఆపిన రోజుల్లో ఆయనకు ప్రభుత్వం డబ్బులు వేస్తుంది, అవి ఇంటికి రావు. బోటు వెళ్లకపోతే నాకూ బేరం లేదు కదా, నాకెందుకు ఇవ్వరు? మీటింగు పెట్టిన మేడమ్‌ని అడిగితే ‘ఇంటికి ఒకరికి వచ్చింది కదా’ అన్నారు.
– పెద జాలారిపేట

జవాబు: మీ ప్రశ్న సరైనదమ్మా. మీటింగులో వచ్చిన జవాబే తప్పు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మన తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ కాలానికి ఇచ్చే సాయాన్ని 2025లో పది వేల నుంచి ఇరవై వేలు చేశారు. జాబితా తయారయ్యేది పడవను బట్టి: ఏ పడవ మీద ఎవరెవరు వేటకు వెళ్తారు అని. గట్టున ఐసు కొట్టేవాళ్లు, వేలంలో కొనేవాళ్లు, ఇసుకలో ఎండబెట్టేవాళ్లు, తట్ట ఎత్తుకుని కాలనీల్లో తిరిగేవాళ్లు ఆ జాబితాలో లేరు. సముద్రంలో చేసేది పని, గట్టు మీద చేసేది ఇంటికి సాయం అనుకుని గీసిన గీత అది. చేపను డబ్బుగా మార్చేది మీరే అయినా మీరు మత్స్యకారుడి భార్యగానే లెక్కలో ఉన్నారు. ‘ఇంటికి ఒకరికి వచ్చింది’ అన్న మేడమ్ మీ ఇంటికి ఒకసారి రావాలి, వచ్చిన డబ్బు ఏ కొట్టు దాకా వెళ్లి ఆగిపోతోందో చూడటానికి.

ఆ జాబితా మారాలంటే మీరంతా కలిసి మత్స్యశాఖకు అర్జీ పెట్టాలి. మత్స్యకార మహిళా సహకార సంఘాలు ఉన్నాయి, అందులో సభ్యురాలు కాకపోతే చేరండి. ఈలోగా మీ సొంత పేరున ‘పనిచేసే మనిషి’ అని చెప్పే కాగితం సంపాదించుకోండి. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) సర్వేలో మీ పేరు ఎక్కించుకుని గుర్తింపు కార్డు తీసుకుంటే కాలనీ సంఘంవాళ్లు గేటు దగ్గర ఆపినప్పుడు చూపించవచ్చు. పట్టణ వెండింగ్ కమిటీలో వ్యాపారుల ప్రతినిధుల్లో మూడో వంతు స్త్రీలుండాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఆ కుర్చీల్లో చేపల బుట్ట ఎత్తే మనిషి కూర్చుంటే చూడాలని నాకు చాలా కాలంగా కోరిక. అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ పోర్టల్‌లో కూడా నమోదు చేయించుకోండి, ఖాతా మీ ఒక్కరి పేరున ఉన్నదే ఇవ్వండి.

ఆయన తాగి వచ్చి మీ బేరం డబ్బులు లాక్కుంటే అది మీరు ఓర్చుకోవలసిన కష్టం కాదు. గృహ హింస చట్టంలో దాన్ని ఆర్థిక హింస అన్నారు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయవచ్చు.

*

ప్రశ్న: స్టీల్ ప్లాంటులో పదవీ విరమణ చేశాను. కూర్మన్నపాలెంలో ఇల్లు నా కష్టార్జితం. కొడుకు విడిగా ఉంటున్నాడు, కోడలు మా ఇంట్లోనే ఉంటూ మా అందరి మీదా కేసు పెట్టింది. వృద్ధుల చట్టం కింద ఆర్డీవోకు అర్జీ పెట్టి ఖాళీ చేయించవచ్చు అని మిత్రులు చెబుతున్నారు. మీలాంటి స్త్రీవాదులు మాలాంటి ముసలివాళ్ల గురించి ఎప్పుడైనా ఆలోచించారా?
– పేరు వద్దన్నారు

జవాబు: ఆలోచించామండీ, ఆ ముసలివాళ్లలో మీ శ్రీమతి కూడా ఉన్నారు కాబట్టి. ఉత్తరంలో ఆవిడ మాట ఒక్కటీ లేదు.

మీ మిత్రుల సలహా తొందరపాటు. అత్తమామల పేరున ఉన్న ఇల్లు కూడా కోడలు కాపురం చేసిన ఉమ్మడి నివాసం కావచ్చని సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో, 2007 వృద్ధుల చట్టాన్ని అడ్డం పెట్టుకుని గృహ హింస చట్టం ఇచ్చిన నివాస హక్కును తుడిచేయకూడదని ఇంకో తీర్పులో చెప్పింది. దీని అర్థం ఇల్లు ఆమెదైపోయిందని కాదు. యాజమాన్యం మీదే. చట్టప్రకారం తప్ప బయటికి నెట్టకూడదు, అంతే. ఆమెకు వేరే వసతి చూపించి అద్దె చెల్లించమని మీ అబ్బాయిని ఆదేశించే అధికారం మెజిస్ట్రేటుకు ఉంది. లాయరుతో ఆ దారి గురించి మాట్లాడండి. ఈ కథలో విడిగా హాయిగా ఉన్నవాడు మీ అబ్బాయి. కోపమంతా అతన్ని వదిలేసి కోడలి మీదకు ఎందుకు మళ్లిందో నాకు అర్థం కాలేదు.

*

ప్రశ్న: పట్టణ పొదుపు సంఘాలను చూసే మెప్మాలో ఆర్‌పీ (రిసోర్స్ పర్సన్)గా పనిచేస్తున్నాను అక్కా. మా సంఘంలో ఒకామె తీసుకున్న లోను భర్త బైకుకు పోయింది. ఇప్పుడు వాయిదా కట్టలేక సమావేశానికి రావడం మానేసింది. మిగతా సభ్యులు ఇంటి మీదకు వెళ్దామంటున్నారు. నేను కూడా వెళ్లాలా?
– కంచరపాలెం

జవాబు: నలుగురూ కలిసి వెళ్తే ఆ రాత్రి ఆమె గతి ఏమవుతుందో మీకూ తెలుసు. మీరొక్కరే వెళ్లండి, బైకు ఇంట్లో లేని వేళ చూసుకుని. సంతకం ఎవరిదైతే అప్పు వాళ్లదే అని బ్యాంకు అంటుంది, దాన్ని మీరు మార్చలేరు. వాయిదాల గడువు పెంచమని సంఘం తీర్మానం చేసి బ్యాంకుకు ఇవ్వగలరు. సంతకం ఇష్టపడి పెట్టిందా, పెట్టించారా అని అడగండి. రెండోది అయితే సంగతి అప్పు దగ్గర ఆగదు. పొదుపు సంఘాలంటే నాకు గౌరవమే, వాటిని బ్యాంకు వసూలు గుమాస్తాలుగా మార్చడం మీదే నా కోపం. వచ్చే సమావేశంలో వాయిదాల లెక్కకు ముందు, ఎవరి లోను ఎవరు వాడుకున్నారో ఒక అరగంట మాట్లాడుకోండి. ఆమె ఒక్కతే కాదని బయటపడుతుందని నా అనుమానం.

*

ప్రశ్న: నేను మగవాణ్ని, గాజువాకలో ఒక స్వచ్ఛంద సంస్థలో సోషల్ వర్కర్‌ని. హింసకు గురైన స్త్రీలతో మాట్లాడే అర్హత నాకుందా?
– గాజువాక

జవాబు: అది ఆమెను అడగండి, నన్ను కాదు. మీతో మాట్లాడటానికి ఇష్టపడకపోతే నొచ్చుకోకుండా మహిళా సహోద్యోగిని పిలవండి. నగరం చివర నుంచి మీ ఆఫీసుకు రావలసిన స్త్రీలకు 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సిటీ బస్సు ఉచితమని, గుర్తింపు కార్డు చాలునని చెప్పండి. బస్సు చార్జీ ఇంట్లో అడిగితే ఎక్కడికని నిలదీస్తారని ఆగిపోయినవాళ్లను నేను చూశాను. అసలు మీలాంటివాళ్ల కొరత వేరేచోట ఉంది. పరవాడ ఫార్మా షిఫ్టు బస్సులు ఆగే దగ్గర టీ కొట్టు ముందు నిలబడి, ‘నిన్న రాత్రి మీ ఇంట్లో ఏం జరిగింది?’ అని సాటి మగవాణ్ని అడిగే మనిషి ఇంతవరకూ నాకు దొరకలేదు. వచ్చే వారం వెళ్తారా? ఏమన్నారో రాయండి.